రొమ్ము క్యాన్సర్ రిపోర్టులోని మార్కర్లను ఎలా చదవాలి

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే చూపు అడుగునున్న నాలుగు వరసల మీదికి పోతుంది: ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ-67. వాటి పక్కన పాజిటివ్, నెగటివ్ అనే మాటలు, కొన్ని శాతాలు, కొన్ని ప్లస్ గుర్తులు. వీటిలో భయపెట్టే అంకె ఒకటి పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెడితే నిద్ర పోతుంది, తెలిసేది మాత్రం తక్కువ. గడ్డ కణాల్లో వెతికే ప్రోటీన్లే ఈ మార్కర్లు. వీటిని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. దానికో వరస కూడా ఉంది. బయాప్సీలో తీసిన ముక్క సరిగ్గా తయారైందా లేదా అన్నది ముందు, కేఐ-67 చివర. చాలామంది తలకిందులుగా చదువుతారు.

ఒక తేడా ముందే మనసులో పెట్టుకోండి. ఏ మార్కర్‌నైనా రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఈ జబ్బు ముందుముందు ఎలా నడుస్తుంది, తిరగబెట్టే అవకాశం ఎంత అన్నది ఒకటి. ఫలానా మందు దీని మీద పనిచేస్తుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబిచ్చేవి ప్రోగ్నోస్టిక్ మార్కర్లు, రెండోదానికి జవాబిచ్చేవి ప్రిడిక్టివ్ మార్కర్లు. కేఐ-67 ముఖ్యంగా మొదటి రకం. ఈఆర్, హెర్2 రెండు పనులూ చేస్తాయి. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీరు ఏ ప్రశ్న అడుగుతున్నారో స్పష్టంగా అడిగితే జవాబు కూడా స్పష్టంగా వస్తుంది.

మొదటి పని: కాగితాలన్నీ ఒక చోట చేర్చండి

కావలసినవి ఇవి: బయాప్సీ హిస్టోపాథాలజీ రిపోర్టు, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ రిపోర్టు (వాడుకలో ఐహెచ్‌సీ అంటారు), ఆపరేషన్ అయి ఉంటే తీసిన గడ్డ పూర్తి రిపోర్టు, హెర్2కు ఫిష్ పరీక్ష (జన్యువు ప్రతులను లెక్కపెట్టేది) చేసి ఉంటే అది. వీటిలోంచి ఎనిమిది సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి: క్యాన్సర్ రకం (పాల నాళాల తరహా డక్టల్, పాలు తయారయ్యే భాగాల తరహా లోబ్యులర్, మరోటి), గ్రేడు, గడ్డ కొలత సెంటీమీటర్లలో, చంకలో ఎన్ని లింఫ్ గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది, ఆ తర్వాత ఈఆర్, పీఆర్, హెర్2. కేఐ-67 ఉంటే కింద విడిగా రాసుకోండి.

గడ్డ కొలత, గ్రంథుల లెక్క మార్కర్లు కావు కదా అనిపించవచ్చు. నిజమే. కానీ అవి లేకుండా మార్కర్లకు అర్థం తేలదు. గ్రంథులన్నీ శుభ్రంగా ఉన్న 1 సెంటీమీటరు గడ్డలో కేఐ-67 ముప్పై శాతం ఉండటం వేరు, ఆరు గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నప్పుడు అదే ముప్పై శాతం ఉండటం వేరు.

రెండో పని: ముక్కను నమ్మొచ్చా అని చూడండి

ఐహెచ్‌సీ అంటే ముక్కను పొదిగిన మైనం దిమ్మలోంచి పలచగా కోసిన పొర మీద యాంటీబాడీ వేసి, వెతుకుతున్న ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు తేలేలా చేయడం. ముక్క పాడైతే ప్రోటీన్ ఉన్నా రంగు పట్టదు. అప్పుడు రిపోర్టులో పడేది నెగటివ్. అంటే తప్పు జరిగితే అది ఎక్కువగా నెగటివ్ వైపే జరుగుతుంది. అందుకే పాజిటివ్ కంటే నెగటివ్‌ను ఎక్కువ అనుమానంతో చూడాలి.

రిపోర్టులో వెతకాల్సిన అంకెలు రెండు. ఒంట్లోంచి తీసిన ముక్క ఫార్మలిన్‌లో (అది చెడకుండా నిలిపే ద్రవంలో) పడటానికి పట్టిన సమయం గంట దాటకూడదు. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. ఫార్మలిన్ కండలోకి ఇంకేది చాలా నెమ్మదిగా, గంటకు సుమారు ఒక మిల్లీమీటరు. పెద్ద గడ్డను కోయకుండా అలాగే డబ్బాలో వేస్తే పైభాగం మాత్రమే నిలుస్తుంది, లోపల కుళ్లడం మొదలవుతుంది. సూది బయాప్సీ ముక్కలు సన్నగా ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. మార్కర్లు చూడటానికి సూది ముక్కే మేలని చాలామంది పాథాలజిస్టులు అనుకునేది ఇందుకే.

మూడో సంగతి కంట్రోల్, అంటే పరీక్ష సరిగ్గా పనిచేసిందని చూపే పోలిక. గడ్డ పక్కనున్న మామూలు పాల నాళాల కణాల్లో కొన్నింటికి ఈఆర్ ఉంటుంది, వాటికి రంగు పట్టాలి. పట్టిందని రిపోర్టులో ఒక్క వాక్యం ఉంటే చాలు. ఈఆర్ నెగటివ్ అని రాసి, కంట్రోల్ సంగతి ఎక్కడా లేకపోతే, "లోపలి కంట్రోల్‌కు రంగు పట్టిందా?" అని అడగండి. ఇది పాథాలజిస్టును తప్పుపట్టే ప్రశ్నేమీ కాదు, రోజూ వినేదే.

మూడో పని: ఈఆర్, పీఆర్

ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లివి. కణం కేంద్రకంలో ఉంటాయి, రంగు కూడా అక్కడే పట్టాలి. కేంద్రకాల్లో 1 శాతానికి రంగు పట్టినా పాజిటివ్ కిందే లెక్క. ఈఆర్ 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే 2020 నుంచి "లో పాజిటివ్" అని విడిగా రాయమని అమెరికా క్లినికల్ ఆంకాలజీ, పాథాలజీ సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ పెద్ద తేడా. 5 శాతం ఈఆర్ ఉన్న గడ్డల్లో చాలా వాటి నడక 90 శాతం ఉన్న గడ్డలా ఉండదు, ఈఆర్ నెగటివ్ గడ్డకు దగ్గరగా ఉంటుంది. హార్మోన్ మందు (ఈస్ట్రోజన్ పనిని అడ్డుకునేది) ఇచ్చి చూడొచ్చు, దాని మీదే భారమంతా వేయడం కష్టం. కాబట్టి "పాజిటివ్" అన్న మాట దగ్గర ఆగకండి, శాతం ఎంతో అడిగి రాసుకోండి.

కొన్ని ల్యాబులు శాతం బదులు ఆల్రెడ్ స్కోరు ఇస్తాయి. 8కి ఇంత అని రాస్తారు. దాన్ని విప్పడం ఇలా: రంగు పట్టిన కణాల వాటాకు 0 నుంచి 5 (నూటికి ఒకటి కంటే తక్కువైతే 1, పదో వంతు దాకా 2, మూడో వంతు దాకా 3, మూడింట రెండు వంతుల దాకా 4, అంతకు మించితే 5), రంగు ముదురుకు 0 నుంచి 3, రెండూ కూడితే స్కోరు. 3 నుంచి పాజిటివ్. 7, 8 వస్తే హార్మోన్ మందులకు బాగా లొంగే గడ్డ అని అర్థం. మరికొన్ని చోట్ల హెచ్-స్కోరు ఉంటుంది, అది 0 నుంచి 300 వరకు. లేతగా పట్టిన శాతాన్ని ఒకటితో, మధ్యస్థంగా పట్టినదాన్ని రెండుతో, ముదురుగా పట్టినదాన్ని మూడుతో గుణించి కూడతారు. 20 శాతం లేత, 30 మధ్యస్థం, 40 ముదురు అయితే 20, 60, 120 కలిపి 200.

పీఆర్‌ను చాలామంది పట్టించుకోరు. ఈఆర్ చురుగ్గా పనిచేస్తుంటేనే కణం పీఆర్‌ను బాగా తయారుచేస్తుంది. కాబట్టి ఈఆర్ ఎక్కువగా ఉండి పీఆర్ 20 శాతం లోపు ఉంటే, ఆ గడ్డ కాస్త మొండిది కావచ్చన్న సూచన. ఈఆర్ నెగటివ్, పీఆర్ పాజిటివ్ అని వస్తే మాత్రం ముందుగా పరీక్షనే అనుమానించండి. ఆ కలయిక చాలా అరుదు. మళ్లీ చేస్తే చాలాసార్లు మారిపోతుంది.

నాలుగో పని: హెర్2

ఇది కణం పైపొర మీద ఉండే ప్రోటీన్, దీని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్న గడ్డలు త్వరగా తిరగబెడతాయని 1987లో బయటపడింది. 1998లో హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు వచ్చాక అదే మార్కర్ చికిత్సకు దారి చూపేదైంది. మందు అందిన మనిషి విషయంలో హెర్2 పాజిటివ్ అంటే వెనకటి చెడు కబురు కాదు. పాత పుస్తకాలు, పాత పేజీలు చదివి బెంబేలెత్తకండి.

ఐహెచ్‌సీలో 0, 1+, 2+, 3+ అని నాలుగు మెట్లు. పది శాతానికి మించిన కణాల చుట్టూ ముదురు రంగు గీత తెగకుండా నిండుగా కనిపిస్తే 3+, అంటే పాజిటివ్. గీత నిండుగా చుట్టినా లేతగానో మధ్యస్థంగానో ఉంటే 2+. తెగిపోతూ, కనీకనిపించనట్టు ఉంటే 1+. అదీ లేకపోతే, లేదా పది శాతం లోపు కణాల్లోనే ఉంటే 0.

2+ అనేది ఫలితం కాదు, ఇంకా తేలలేదని అర్థం. ఫిష్ గానీ మరో ఇన్‌సైటు హైబ్రిడైజేషన్ పరీక్ష గానీ అయ్యేదాకా "హెర్2 నెగటివ్" అని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఫిష్ రిపోర్టులో రెండు అంకెలు చూడాలి: ఒక కణంలో సగటున ఎన్ని హెర్2 ప్రతులున్నాయి, అవి 17వ క్రోమోజోమ్ గుర్తుతో పోలిస్తే ఎన్ని రెట్లు. నిష్పత్తి 2.0 లేదా పైన, ప్రతులు 4.0 లేదా పైన ఉంటే పాజిటివ్. నిష్పత్తి 2.0 లోపు, ప్రతులు 4.0 లోపు ఉంటే నెగటివ్. ఈ రెండింటికీ మధ్య పడే కలయికలు కొన్నున్నాయి: నిష్పత్తి ఎక్కువగా ఉండి ప్రతులు తక్కువ, లేదా ప్రతులు 4 నుంచి 6 మధ్య ఉండి నిష్పత్తి తక్కువ, అలాంటివి. అప్పుడు ఐహెచ్‌సీ స్లైడును పక్కన పెట్టుకుని, అవసరమైతే రెండో మనిషి మళ్లీ లెక్కపెట్టి తేల్చాలి. రిపోర్టులో అలా చేశామని రాసి ఉండాలి.

1+ గానీ, ఫిష్ నెగటివ్ వచ్చిన 2+ గానీ అయితే ఈమధ్య "హెర్2 లో" అంటున్నారు. ఇది జబ్బు నడకను చెప్పే మాట కాదు. జబ్బు ఇతర అవయవాలకు పాకినవారికి ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ మందు ఉపయోగపడుతుందా అన్న లెక్కలో దీనికి విలువ, 2022లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి. తొలి దశలో ఉన్నవాళ్లు దీని గురించి మథనపడనక్కర్లేదు. అయినా రిపోర్టులో ఉత్త "నెగటివ్" కాకుండా 0నా 1+నా అన్నది రాయించి ఉంచుకోవడం మంచిది.

ఐదో పని: గ్రేడు, ఆ తర్వాతే కేఐ-67

గ్రేడు ఐహెచ్‌సీ మార్కర్ కాదు, మామూలు గులాబి-నీలం రంగు స్లైడు మీద చూసేది. కానీ దాని మాటకు బరువెక్కువ. నాళాల ఆకారం ఎంత మిగిలింది, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, విభజనలో ఉన్న కణాలెన్ని అని మూడింటికీ 1 నుంచి 3 వేసి కూడతారు. 3 నుంచి 5 అయితే గ్రేడు 1, 6 లేదా 7 అయితే 2, 8 లేదా 9 అయితే 3.

కేఐ-67 అనేది విశ్రాంతిలో ఉన్న కణంలో కనిపించని, విభజన దారిలో ఉన్న కణంలో కనిపించే ప్రోటీన్. జర్మనీలోని కీల్ నగరంలో 1980ల మొదట్లో దీని యాంటీబాడీ దొరికింది, పేరులో ఆ ఊరి అక్షరాలున్నాయి. నూరు క్యాన్సర్ కణాల్లో ఎన్నింటికి రంగు పట్టిందో అదే శాతం. వినడానికి ఇంత సులువైన అంకె, ఆచరణలో అన్నిటికంటే జారుడుది. ఒకే స్లైడును ఇద్దరు పాథాలజిస్టులు చూస్తే ఒకరు 15 అని, మరొకరు 25 అని రాయడం వింతేమీ కాదు. రంగు దట్టంగా ఉన్న చోటే లెక్కపెడితే ఒక అంకె, స్లైడంతా సగటు తీస్తే మరో అంకె. కనీసం 500 కణాలు లెక్కపెట్టాలి, కంటి అంచనాతో రాసేస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

ఒకప్పుడు 14 శాతం, ఆ తర్వాత 20 శాతం అని గీతలు గీశారు. 2021లో అంతర్జాతీయ కేఐ-67 బృందం తేల్చిందేమిటంటే: ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ తొలి దశ గడ్డల్లో 5 శాతం లేదా లోపు ఉంటే నెమ్మది గడ్డ అనీ, 30 శాతం లేదా పైన ఉంటే వేగం గడ్డ అనీ నమ్మొచ్చు. మధ్యలో ఉన్నదాని మీద నిర్ణయాలు కట్టకండి. మీ అంకె 18 అయితే అది 22 కాదని సంతోషించడానికీ లేదు, 12 కాదని బాధపడటానికీ లేదు. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేని) గడ్డల్లో కేఐ-67 సాధారణంగా ఎక్కువే ఉంటుంది, 60, 80 కూడా చూస్తాం. అక్కడ ఆ అంకె కొత్తగా చెప్పేది తక్కువ. పైగా వేగంగా విభజన చెందే కణాలే కీమోకు ఎక్కువగా లొంగుతాయి.

ఆరో పని: అన్నీ కలిపి చూడండి, పొసగనివి పట్టుకోండి

ఇక మీ కాగితం ముందు పెట్టుకుని గడ్డ ఏ కుదురుకు చెందుతుందో చూడండి. ఈఆర్ పాజిటివ్, పీఆర్ 20 పైన, హెర్2 నెగటివ్, కేఐ-67 తక్కువ ఉంటే లూమినల్ ఏ తరహా. ఈఆర్ పాజిటివే గానీ పీఆర్ తక్కువ, కేఐ-67 ఎక్కువ, లేదా హెర్2 పాజిటివ్ అయితే లూమినల్ బీ తరహా. ఈఆర్, పీఆర్ లేక హెర్2 మాత్రమే ఉంటే హెర్2 తరహా. మూడూ లేకపోతే ట్రిపుల్ నెగటివ్.

ఇక్కడే అతకని కలయికలు బయటపడతాయి. గ్రేడు 1 డక్టల్ క్యాన్సర్, ఈఆర్ పీఆర్ రెండూ బాగా ఉండి, హెర్2 3+ అని వస్తే అనుమానించాలి. సాధారణంగా ఈఆర్ ఉండే ట్యూబ్యులర్, మ్యూసినస్ రకాల్లో ఈఆర్ నెగటివ్ అని వచ్చినా అంతే. మామూలు లోబ్యులర్ క్యాన్సర్‌లో ఈఆర్ లేకపోవడం కూడా అరుదు. ఇలాంటిది కనిపిస్తే చికిత్స మొదలయ్యేలోపే అదే దిమ్మ మీద మరో ల్యాబులో, లేదా ఆపరేషన్‌లో తీసిన గడ్డ మీద మళ్లీ చేయించమని అడగండి. దిమ్మలు, స్లైడ్లు ఆసుపత్రిలో భద్రంగా ఉంటాయి, రెండో అభిప్రాయం కోసం అడిగి తీసుకోవచ్చు.

కాలం విషయంలో కుదురు కుదురుకూ తేడా ఉంది. ట్రిపుల్ నెగటివ్ తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే, అయిదేళ్లు గడిస్తే ముప్పు బాగా తగ్గుతుంది. ఈఆర్ పాజిటివ్ అలా కాదు. మొదట్లో నెమ్మదిగా ఉన్నా ఏళ్ల తరబడి సన్నగా ముప్పు మిగిలే ఉంటుంది. అయిదేళ్లు హార్మోన్ మందు పూర్తిచేసిన వారిని ఇరవయ్యో ఏడు దాకా గమనించిన లెక్కలు 2017లో వచ్చాయి: 2 సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, గ్రంథులు శుభ్రంగా ఉన్నవారిలో ఆ తర్వాతి పదిహేనేళ్లలో దూరపు అవయవాల్లో తిరగబెట్టింది 13 శాతం. గడ్డ 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉండి, 4 నుంచి 9 గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నవారిలో అది 41 శాతం. వీళ్లు దశాబ్దాల కిందట చికిత్స పొందినవారు, ఇప్పటి లెక్క కొంత మెరుగ్గానే ఉండొచ్చు. హార్మోన్ మాత్ర అయిదేళ్లకు ఆపాలా, కొనసాగించాలా అన్న చర్చ వచ్చేది ఈ అంకెల వల్లే.

అంచనా అంకె కావాలనుకుంటే చేత్తో వేసుకోగలిగేది నాటింగ్‌హామ్ సూచీ. గడ్డ కొలత సెంటీమీటర్లలో తీసుకుని 0.2తో గుణించండి, గ్రేడు కలపండి, గ్రంథులకు 1 (ఏమీ లేవు), 2 (ఒకటి నుంచి మూడు), 3 (నాలుగు, ఆపైన) కలపండి. 2.2 సెంటీమీటర్లు, గ్రేడు 2, ఒక గ్రంథి అయితే 0.44, 2, 2 కలిపి 4.44. 3.4 దాకా మంచి వర్గం, 5.4 దాకా మధ్య వర్గం, పైన కష్టమైనది. దీని లోపం ఏమిటంటే దీనికి ఈఆర్, హెర్2 తెలియవు. బ్రిటన్‌లో తయారైన ప్రెడిక్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ లెక్క వాటిని కూడా తీసుకుంటుంది. కానీ ఒంటరిగా కూర్చుని చూడకండి, డాక్టర్ ఎదుటే చూడండి. అది చూపేది మీలాంటి నూరుమందిలో ఎంతమంది అన్న లెక్క, మీరు అందులో ఎవరన్నది అది చెప్పదు. 2018 నుంచి అమలైన అమెరికా క్యాన్సర్ కమిటీ (ఏజేసీసీ) ఎనిమిదో ఎడిషన్ స్టేజింగ్‌లో కూడా గ్రేడు, ఈఆర్, పీఆర్, హెర్2 చేరాయి. గడ్డ, గ్రంథులను బట్టి చెప్పిన స్టేజీ, మార్కర్లు కలిపాక ఒక మెట్టు పైకో కిందికో జరగడం అందుకే. రెండు కాగితాల్లో రెండు స్టేజీలు కనిపిస్తే కంగారు పడకండి, ఏది ఏ పద్ధతిదో అడగండి.

ఏడో పని: జన్యు పరీక్ష అవసరమా అని తేల్చుకోండి

ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్, గ్రంథులు శుభ్రం లేదా మూడుకు మించకుండా ఉండి, కీమో ఇవ్వాలా వద్దా అన్న సందిగ్ధం ఉన్నప్పుడే, గడ్డ ముక్క మీద చేసే ఈ పరీక్ష. ట్రిపుల్ నెగటివ్‌కూ హెర్2 పాజిటివ్‌కూ ఈ పని మీద ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆంకోటైప్ డీఎక్స్ 21 జన్యువులు చూసి 0 నుంచి 100 లోపు స్కోరు ఇస్తుంది. గ్రంథులు శుభ్రంగా ఉన్నవారి మీద జరిగి 2018లో వెలువడిన ట్రయల్‌లో స్కోరు 11 నుంచి 25 వచ్చినవారికి హార్మోన్ మందు ఒక్కటే ఇచ్చినా కీమో కలిపినంత ఫలితం వచ్చింది. మినహాయింపు ఒకటి: యాభై లోపు వయసుండి స్కోరు 16 నుంచి 25 మధ్య ఉన్నవారికి కీమో వల్ల కొంత లాభం కనిపించింది. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో క్యాన్సర్ ఉండి స్కోరు 25 లోపు ఉన్నప్పుడు, నెలసరి ఆగినవారికి కీమో లాభం కనిపించలేదు, ఆగనివారికి కనిపించింది. కాబట్టి స్కోరుతో పాటు నెలసరి సంగతి కూడా చెప్పాలి. మమ్మాప్రింట్ 70 జన్యువుల పరీక్ష, స్కోరు కాకుండా ఎక్కువ ముప్పు, తక్కువ ముప్పు అని చెబుతుంది. రెండు పరీక్షలూ చేయించి పోల్చుకోవాలని చూడకండి, పొసగకపోతే కొత్త గందరగోళం.

రిపోర్టులో ఇంకేవైనా కనిపిస్తే

ట్రిపుల్ నెగటివ్‌లో టిల్స్ అని ఒక శాతం ఉండొచ్చు. గడ్డ చుట్టూ కణజాలంలో చేరిన రోగనిరోధక కణాల లెక్క అది, ఎక్కువ ఉంటే మంచి సూచన. పీడీ-ఎల్1 సీపీఎస్ (రోగనిరోధక కణాలను ఆపే ఒక ప్రోటీన్ స్కోరు) అన్నది పాకిన ట్రిపుల్ నెగటివ్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇవ్వాలా అని తేల్చడానికి, 10 లేదా పైన ఉండాలి. తొలి దశలో ఆపరేషన్‌కు ముందు ఆ మందు ఇచ్చేటప్పుడు ఈ అంకెతో పనిలేదు. సీకే5/6, ఈజీఎఫ్‌ఆర్, పీ53 లాంటివి కనిపిస్తే చదివి పక్కన పెట్టండి, వాటి ఆధారంగా చికిత్స సాధారణంగా మారదు.

రక్తంలో చూసే ట్యూమర్ మార్కర్లు సీఏ 15-3, సీఈఏ వేరే కథ. తొలి దశ చికిత్స అయిపోయాక ఊరికే ప్రతి మూడు నెలలకూ వీటిని చేయించుకోవడం మార్గదర్శకాలు చెప్పేది కాదు. కాలేయం ఇబ్బంది లాంటి వేరే కారణాలకు కూడా ఇవి పెరుగుతాయి. కాస్త పెరిగితే స్కాన్ల మీద స్కాన్లు, ఏమీ దొరకక దిగులు. జబ్బు పాకినవారిలో మందు పనిచేస్తోందా అని చూడటానికి, స్కాన్లకు తోడుగా మాత్రం పనికొస్తాయి.

ఎప్పుడు మళ్లీ పరీక్షించాలి

మార్కర్లు శాశ్వతం కావు. ఆపరేషన్‌కు ముందు కీమో తీసుకుని, గడ్డ ఇంకా మిగిలి ఉంటే ఆ మిగిలినదాని మీద ఈఆర్, హెర్2 మళ్లీ చేయమని అడగండి. హెర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ రకాల్లో ఆ కీమోతో గడ్డ పూర్తిగా మాయమవడం పెద్ద శుభసూచన. మిగిలితే తర్వాతి మందు మారుతుంది.

ఏళ్ల తర్వాత వేరే అవయవంలో కనిపిస్తే, సాధ్యమైనంతవరకు అక్కడి ముక్క తీసి చూడాల్సిందే. ఈఆర్ పోవడం, పీఆర్ పోవడం, హెర్2 మారడం అన్నీ జరుగుతాయి. అసలది రొమ్ము క్యాన్సరేనా అన్నది కూడా తేలుతుంది. ఎముక నుంచి ముక్క తీస్తుంటే ముందే ఒక మాట చెప్పి ఉంచండి: ఎముకను మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లం వాడితే మార్కర్లు, ఫిష్ దెబ్బతిని తప్పుడు నెగటివ్ రావచ్చు. ఈడీటీఏ అనే సున్నితమైన రసాయనంతో మెత్తబరచాలి, లేదా మెత్తగా ఉన్న భాగాన్ని విడిగా ఫార్మలిన్‌లో వేయాలి. ఈ కోరికను ముక్కతో పాటు ల్యాబుకు వెళ్లే ఫారం మీదే రాయించండి. ముక్క ఆమ్లంలో పడ్డాక చేయగలిగింది పెద్దగా ఉండదు.